పట్టు దొరకని చూపు

కట్టమ్మ అన్నం ముట్టక అది మూడో రోజు.

పొయ్యి మాత్రం వెలుగుతూనే ఉంది. వండుతోంది, మొగుడికి కంచంలో పెడుతోంది, తను పోయి గోడకు ఆనుకుని కూర్చుంటోంది. తిట్టే పెళ్ళాన్ని ఏ మగవాడైనా ఓర్చుకుంటాడు. తిండి మానేసి చూస్తూ కూర్చునే పెళ్ళాన్ని ఓర్చుకోవడం ఎవరి తరం? గౌండ్ల ఉప్పలయ్య తరం కూడా కాలేదు.

"తినవే," అన్నాడు.

ఆమె మొగుడి ముఖం వంకే చూస్తోంది.

"నేను తాగిన. తాగి చెట్టెక్కిన. కక్కిన. అయిపోయింది. రేపు మాపటికి సంఘం కాడ తప్పొప్పుకుంట, ఎల్లమ్మకు మేకపోతును ఇచ్చుకుంట. దీనికి నువ్వు ఉపాసముండుడేంది?"

"ఎన్నడు తాగినవ్?"

"మంగళారం. అందరు చూసిన్రు గదా."

"ఇరవై రెండేండ్ల సంది నీ పక్కన పండుతాన. ఎన్నడు తాగినవ్ అని అడుగుతాన."

ఉప్పలయ్య కంచంలోకి చూశాడు. ఊరంతటికీ కల్లు పోసిన ఆ మనిషి తను చుక్క మింగి ఎరగడు. లొట్టిలో కల్లు రుచి చూడవలసి వస్తే నాలుక మీద వేసుకుని ఉమ్మేసేవాడు. తోటి గౌండ్లు అందుకు ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళి చేసినా, కొత్తగా చెట్టెక్కే పిల్లలకు మాత్రం అతన్నే చూపించేవాళ్ళు.

అలాంటివాడు మంగళవారం పొద్దున తాటిచెట్టు మీద, మట్టల కింద, రెండు చేతులతో మాను కరుచుకుని గంటసేపు కదలకుండా ఉండిపోయాడు. అక్కడి నుంచే వాంతి చేసుకున్నాడు. కడకు తమ్ముడు మొగిలి పైకెక్కి, తన నడుముకు అన్న నడుము కట్టుకుని, అడుగు అడుగుకూ ఆగుతూ దింపాడు. నేల మీద కాలు పెట్టగానే ఉప్పలయ్య అన్న మొదటి మాట, "తాగిన."

ఆ మాట ఎందుకన్నాడో కట్టమ్మకు తెలుసు. ఊళ్ళో గౌండ్లందరికీ తెలుసు. వాళ్ళ సంఘంలో కట్టుబాటు ఒకటుంది. తాగి చెట్టెక్కినవాడు తప్పు కట్టి, తలొంచుకుని, మర్నాటి నుంచి మళ్ళీ ఎక్కవచ్చు. రోగంతో ఎక్కలేనివాడి పేరు మీద మాత్రం చెట్లు ఉండవు. ఇంట్లో ఎక్కే మగవాడుంటే వాడి పేరుకు మారుతాయి, లేకపోతే తక్కినవాళ్ళు పంచుకుంటారు. పోయిన చెట్లు మళ్ళీ ఆ ఇంటికి రావు. తాగుడైతే ఒక్క పూట సిగ్గు. రోగమైతే బతుకే పోయినట్టు. గుంట భూమి లేని మనిషి ఏది ఒప్పుకుంటాడు?

"అవ్వా, జర నువ్వు తిను," అన్నాడు గడపలో నిలబడ్డ ఎల్లస్వామి. కొడుకు. పంతొమ్మిదేళ్ళవాడు, వరంగల్‌లో ఐటీఐ ఫిట్టరు చదువుతున్నాడు, వచ్చే నెలలోనే పరీక్ష. తండ్రి తాగి చెట్టు మీద కక్కాడన్న సంగతి వాడికి స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు దిగగానే, ఎవరో నవ్వుతూ చెప్పారు.

"మీ నాయిన దవాఖానకు వస్తనంటే తింట."

"నాకేం రోగమున్నదని దవాఖాన?" అన్నాడు ఉప్పలయ్య.

"మా నాయినను చెట్టు కింద నుంచి బొంతల తెచ్చిన్రు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. నిన్ను గట్ల తెస్తే చూసుడు నాతోని కాదు. గంతే."

ఎల్లస్వామి తండ్రి పక్కన కూర్చున్నాడు. "నాయినా, హనుమకొండల చెవుల డాక్టరున్నడు. తల తిరుగుడు ఎందుకొస్తదో కండ్లు చూసి చెప్తడంట. నువ్వు తాగలేదని ఒక్క కాయితం రాయించుకొస్త. నా నాయినను తాగుబోతు అంటే నేను పడ."

ఉప్పలయ్య కొడుకు వంక చూశాడు. వీడికి సంఘం కట్టుబాటు తెలియదా? తెలుసు. తెలిసి కూడా పరువు పరువు అంటున్నాడు. చదువుకున్న పిల్లల తెలివి ఇలాగే ఉంటుంది, ముందు పరువు కనిపిస్తుంది, తర్వాతెప్పుడో కంచం కనిపిస్తుంది.

"పా," అన్నాడు లేస్తూ. "ఏం చెప్పకుంట కూసుంట. ఏం కనవడ్తదో చూస్త."

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా కట్టమ్మ అన్నం ముట్టలేదు. తిరిగాక రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, ఏడ్చింది.

*

డాక్టర్ రాజేశ్వర్ రావు పరీక్ష గదికి నల్ల పరదాలున్నాయి. మధ్యాహ్నమే అయినా లోపల చీకటిగా ఉంది.

"తల ఎప్పుడెప్పుడు తిరుగుతది, ఉప్పలయ్యా?"

"తిరగది సారూ. తాగినప్పుడు తిరిగింది."

"చెవిల హోరు?"

"లేదు."

డాక్టరు ఎడమ చెవి పక్కన చేతిగడియారం పెట్టాడు. "వినవడ్తాందా?"

"ఆ."

డాక్టరు గడియారాన్ని ఎప్పుడో జేబులో వేసుకున్నాడు. ఆ సంగతి ఉప్పలయ్యకు తెలియలేదు. పక్కనున్న ఎల్లస్వామి చూశాడు.

డాక్టరు డ్రాయరు లోంచి ఒక కళ్ళద్దాల జత తీశాడు. మామూలువి కావు. గిన్నెల్లాగా లోతుగా ఉన్నాయి, అద్దాలు బొటనవేలంత మందం, లోపల చిన్న చిన్న బల్బులు. ఉప్పలయ్య తలకు పట్టీ బిగించి స్విచ్చి వేశాడు. గదిలో వెలుతురు ఆ అద్దాల వెనక తప్ప ఇంకెక్కడా లేదు.

"ఏం కనవడ్తాంది?"

"ఏం లేదు సారూ. అంత తెల్లగ, మబ్బు లెక్క."

"అదే కావాలె. తమ్మీ, ఇటు రా. మీ నాయిన కండ్లు చూడు."

ఎల్లస్వామి వంగి చూశాడు. ఆ మందపాటి అద్దాల వెనక తండ్రి కళ్ళు ఎన్నో రెట్లు పెద్దవిగా కనిపించాయి, ఎర్రని నరాలతో సహా. ఆ కళ్ళు నిలకడగా లేవు. రెండూ ఒక పక్కకు మెల్లగా జారుతున్నాయి, చటుక్కున వెనక్కి గుంజుకుంటున్నాయి. మళ్ళీ జారుతున్నాయి, మళ్ళీ గుంజుకుంటున్నాయి.

"నాయినా, కండ్లు ఆడియ్యకు," అన్నాడు భయంగా.

"నేనేం ఆడిస్తలేనురా."

"ఆడించేది ఆయన కాదు," అన్నాడు డాక్టరు. "మనిషి నిలబడే తూకం చెవి లోపల ఉంటది. అది చెడితే కన్ను ఇట్ల కొట్టుకుంటది. అయితే మనకు చూపు ఉన్నది గదా, ఏదో ఒకదాన్ని గట్టిగ చూస్తే కన్ను నిలవడ్తది. ఎదుటోనికి తెల్వది. ఈ అద్దాలు పెడితే చూపుకు పట్టు దొరకది. ఇగ కన్ను దాచుకోలేదు." అద్దాల పట్టీ సర్దుతూ అన్నాడు, "బయటి దేశాలల్ల చిమ్మ చీకట్ల కూడ కన్నును చూసే కెమెరా అద్దాలు చేస్తున్నరట, కంటికి కనవడని వెలుతురుతోని. పుస్తకంల చదివిన. మనకు ఇంక రాలే. దీంతోనే చూడాలె."

తర్వాత పడుకోబెట్టి చెవుల్లో నీళ్ళు పోశాడు. కుడి చెవిలో చల్లనీళ్ళు పోసి అద్దాలు పెడితే కళ్ళు గబగబా కొట్టుకున్నాయి. ఉప్పలయ్య బల్ల అంచులు పట్టుకుని "పడిపోతాన, పడిపోతాన" అన్నాడు. కాసేపాగి ఎడమ చెవిలో పోస్తే కళ్ళు ఏ కొత్త కదలికా చూపలేదు. వేడినీళ్ళు పోసినా అంతే.

డాక్టరు అద్దాలు తీసి దీపం వేశాడు. ఉప్పలయ్య లేచి కూర్చుని, ఎదురుగా తలుపు మీదున్న మేకును చూస్తూ ఉండిపోయాడు. చూపు కదపలేదు.

"చెట్టు మీద కూడ ఇట్లనే చూస్తవా?" అన్నాడు డాక్టరు మెల్లగా.

ఇక దాచి ఏం లాభమనుకున్నాడో, అలిసిపోయాడో, ఉప్పలయ్య చెప్పేశాడు. "మానుకు ఒక గాటు పెట్టుకుంట సారూ, కండ్లకు ఎదురుంగ. తల తిరిగినప్పుడు దాన్నే చూస్త. జరసేపటికి తగ్గుతది. రెండేండ్ల సంది గిట్లనే. చెవిల రైలు ఇంజను లెక్క మోగుతది, అటెన్క తిరుగుతది. మంగళారం గాటును చూస్తే గాటే తిరిగింది."

రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఎల్లస్వామి వరంగల్‌లో సినిమాలు చూశాడు, హాస్టలు కూర బాగా లేదని ఉత్తరాలు రాశాడు.

"మందులిస్త. తిరుగుడు కొంచెం తగ్గుతది. ఎడమ చెవి మాత్రం వెనకటి లెక్క కాదు," అన్నాడు డాక్టరు. "చెట్టెక్కుడు బంద్ చెయ్యాలె. ఈసారి ఎవరన్న ఎక్కి దింపేదాక నీ చేతులు ఆగవు."

"తెలుగుల రాసియ్యిన్రి సారూ," అన్నాడు ఎల్లస్వామి. "సంఘం కాడ సదవాలె. తాగలేదని రాయిన్రి."

ఉప్పలయ్య కొడుకు చెయ్యి పట్టుకుని నొక్కాడు. కొడుకు ఆ చేతిని ఇంకోలా అర్థం చేసుకుని, ధైర్యం చెబుతున్నట్టు తిరిగి నొక్కాడు.

*

తిరుగు బస్సు మడికొండ దాటింది.

"ఆ కాయితం చింపెయ్యి," అన్నాడు ఉప్పలయ్య.

"నాయినా..."

"మొగిలి మూడు రోజుల సంది వాని చెట్లు గీసుకొని, నా చెట్లు గీస్తాండు. ఇంకెన్ని రోజులు గీస్తడు? ఆగితే గెలలు ఎండుతయి. ఎల్లుండి నుంచి నేనెక్కాలె. చింపెయ్యి."

"డాక్టరు ఏమన్నడో విన్నవ్ గదా."

"విన్న. డాక్టరు చెట్లియ్యడు గదా."

"నీ పేరు ఖరాబైతాందే. అందరు నవ్వుతాన్రు."

"పేరు పొయ్యి మీద పెడితే ఉడుకుతదార? నీ పరీక్ష అయ్యేదాక. నీకు నౌకరి దొరికేదాక. ఒక్క ఏడాది. గా ఏడాది నన్ను తాగుబోతునే కానియ్యి."

ఎల్లస్వామి కిటికీ వైపు తిరిగాడు. కాగితం చింపలేదు. చింపనని కూడా అనలేదు. ఇంటికి వెళ్ళగానే తల్లి చేతిలో పెట్టాడు, ఆమె చదవమంటే రెండుసార్లు చదివాడు. ఆమె దాన్ని మడిచి రవికెలో దోపుకుంది. ఉప్పలయ్య చూశాడు. ఆ పూట అతను అన్నం తినలేదు. ఉపవాసం ఒకరి నుంచి ఒకరికి మారిందంతే, ఆ ఇంట్లో ఎవరో ఒకరు పస్తుండక తప్పదన్నట్టు.

*

మర్నాడు పొద్దు వాలుతుండగా కల్లు అమ్మే మండువ దగ్గర సంఘం కూడింది. ముప్పైమంది దాకా ఉన్నారు. పెద్దమనిషి రాయమల్లు తాటి మొద్దు మీద కూర్చున్నాడు. కాలు విరిగి చెట్లు మానేసి పదేళ్ళయినవాడు, అందుకే ఎవరి వైపూ మొగ్గడని అతన్ని పెట్టుకున్నారు.

ఉప్పలయ్య లేచాడు. "మంగళారం నాడు తాగి చెట్టెక్కిన. తప్పయింది. ఎల్లమ్మకు మేకపోతును ఇచ్చుకుంట."

ఎవరూ నవ్వలేదు. అతను తాగడని అక్కడ తెలియనివాడు లేడు. రాయమల్లు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"తాగినవా?"

"తాగిన."

"సరే. మనిషన్నంక ఒకపూట తప్పు జరుగుతది. మేకపోతును ఇచ్చుకో. రేపటి నుంచి..."

"నా పెనిమిటి అబద్ధమాడుతాండు పెద్దయ్యా."

అందరూ తిరిగి చూశారు. సంఘం కూడినప్పుడు ఆడవాళ్ళు మండువ గడప తొక్కరు. కట్టమ్మ తొక్కింది. కొంగు నడుముకు దోపుకుని మధ్యలోకి వచ్చి, రవికె లోంచి కాగితం తీసి కొడుకు చేతికిచ్చింది.

"సదువు."

"అవ్వా..."

"సదువుమంటాన."

ఎల్లస్వామి చదివాడు. "ఎడమ చెవిలో శరీరపు తూకం చెడిపోయినది. ఎప్పుడైనా తల తిరిగి పడిపోవచ్చును. ఇది తాగుట వలన వచ్చినది కాదు. చెట్లు, ఎత్తులు ఎక్కరాదు."

నిన్న హనుమకొండలో తను పట్టుబట్టి రాయించిన ముక్కలే. ఇప్పుడు ఒక్కొక్కటీ చదువుతుంటే తండ్రి ముఖం ఎలా అవుతోందో చూస్తున్నాడు. తాగలేదని చదివినప్పుడు ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఆ పరువు పోయిందెప్పుడని, నిలబెట్టడానికి?

"వదినె, ఎందుకు తెచ్చినవ్ గిది?" అన్నాడు మొగిలి నీరసంగా. "నేను ఇంక నాలుగు రోజులు గీద్దును గదా."

రాయమల్లు కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూశాడు. "వినకపోతే బాగుండు, బిడ్డా. విన్నంక ఏం చెయ్యాలె? రేపు ఉప్పలి పడితే రోగమున్నదని తెలిసి ఎక్కిచ్చిన్రు అంటరు. ఆ పాపం నేను మొయ్య. ఆయన పేరు తీసెయ్యాలె."

"తీసెయ్యిన్రి," అంది కట్టమ్మ. "చెట్లు పోనియ్యిన్రి. నాట్లేస్త, కలుపు తీస్త, బండలు మోస్త. మనిషి ఉంటే చాలు నాకు."

ఉప్పలయ్య అక్కడే చతికిలబడ్డాడు. తాతనాటి చెట్లు. ఏ చెట్టు ఏ నెలలో కల్లు పారుతుందో, ఏ చెట్టు మాను ఎక్కడ వంకరో కళ్ళు మూసుకుని చెప్పగలడు. తల రెండు చేతులతో పట్టుకున్నాడు. చప్పుడు లేకుండా ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. అంతమంది మగవాళ్ళ మధ్య తండ్రి ఏడవడం ఎల్లస్వామి ఎన్నడూ చూడలేదు.

"కట్టుబాటు ప్రకారం అడగాలె గనుక అడుగుతాన," అన్నాడు రాయమల్లు. "ఇంట్ల ఎక్కెటోడు ఉన్నడా?"

"లేడు," అంది కట్టమ్మ వెంటనే.

"నేనున్న తాతా," అన్నాడు ఎల్లస్వామి.

కట్టమ్మ కొడుకు వైపు చూసింది, వాడు వేరే భాష మాట్లాడినట్టు.

"నీకు పరీక్ష..."

"పరీక్షదేమున్నదే. చెట్లు పోయినంక నాయిన బతుకుతడా? చూడు, ఎట్ల కూసున్నడో. గా కాయితం రాయించింది నేను. నేనే ఎక్కుత. చిన్నప్పుడు రెండు మూడు సార్లు ఎక్కిన, నీకు తెల్వకుంట."

జనంలో కదలిక వచ్చింది. కొత్తవాడు చెట్టుకు వస్తానంటే ఏ సంఘానికి చేదు? "మంచిది," అన్నారెవరో. "ఉప్పలి కొడుకే గదా, రక్తంలనే ఉంటది," అన్నారు ఇంకొకరు. రాయమల్లు తలాడించాడు. "అట్లయితే చెట్లు ఇంట్లనే ఉంటయి. రేపు పొద్దుగాల పోరన్ని తోలుకపో, ఉప్పలి. కింద ఉండి చెప్పు."

"లేదు," అంది కట్టమ్మ.

ఎవరూ పట్టించుకోలేదు. ఆమె రాయమల్లు చేతిలోంచి కాగితం గుంజుకుంది.

"లేదు పెద్దయ్యా. గిది దొంగ కాయితం. డాక్టరుకేం తెలుసు? ఒక్కపూట చూసినోడు. నా పెనిమిటికి ఏ రోగం లేదు. తాగిండు. మంగళారం నాడు తాగిండు, నేను చూసిన. నేనే పోసిన. మేకపోతును ఇప్పుడే తెస్త."

ఆమె మాటలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. మొగిలి తల పక్కకు తిప్పుకున్నాడు. ఇందాక అబద్ధమాడుతున్నాడని మొగుణ్ణి పట్టిచ్చిన మనిషి, ఇప్పుడు అదే అబద్ధానికి సాక్ష్యం చెబుతోంది. ఆమెను తప్పు పట్టడానికి అక్కడ ఎవరికి నోరొస్తుంది? ఎక్కని వాడెవడు, పడినవాణ్ణి మోయని వాడెవడు?

రాయమల్లు కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు సదువు రాదు," అన్నాడు. "కాయితంల ఏమున్నదో నేను చూడలే. ఉప్పలి, పెండ్లాం మాట కాదు, కొడుకు మాట కాదు, నీ నోటితోని చెప్పు. నువ్వేది అంటే సంఘానికి గదే నిజం. తాగినవా, రోగమా?"

తాగిన అంటే రేపు తను ఎక్కాలి. రోగం అంటే కొడుకు ఎక్కాలి. నిన్నటిదాకా ఉప్పలయ్యకు ఆ ఒక్క మాట ఎంత తేలిక! ఇప్పుడు నేల మీద చెయ్యి ఆనించి లేచాడు. చెవిలో ఇంజను మొదలైంది. ఎదురుగా ఉన్న ముఖాలన్నీ ఒక పక్కకు జారుతున్నాయి. దేన్నైనా గట్టిగా చూడాలి. భార్య ముఖాన్ని చూశాడు.

"నువ్వే చెప్పు, కట్టమ్మా," అన్నాడు. "నేనా, వాడా?"

ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. కట్టమ్మ నోరు తెరిచింది. మండువలో ముప్పైమంది ఆమె మాట కోసం ఆగారు.